తుపాకీ మందు ఇంట్లో చేసుకోవచ్చా? బెంగళూరు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దసరా దగ్గరికొచ్చేసరికి బాణసంచా మీద ఉత్తరాలు రావడం మామూలే. ఈసారి మాత్రం ఎక్కువమంది తుపాకీ మందు గురించి, అంటే సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే నల్లమందు గురించి అడిగారు. దాన్ని సొంతంగా చేయడం, చిన్న ఫిరంగిలో పెట్టి పేల్చడం, చరిత్ర, చట్టం, అన్నీ వాటిలో ఉన్నాయి. అందుకే ఈ శీర్షిక మొత్తం ఆ విషయానికే ఇచ్చేస్తున్నాం. కొన్ని ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: సార్, మేము నలుగురం గుంటూరు నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాం, ఇంజనీరింగ్ మూడో ఏడు. అమెరికాలో కొంతమంది ఇంటి వెనక షెడ్డులో నల్లమందు చేసుకుని చిన్న ఇత్తడి ఫిరంగులు పేలుస్తున్న వీడియోలు చూస్తుంటే మాకూ చేయాలనిపిస్తోంది. ఉన్నవి మూడే పదార్థాలు, అన్నీ బజార్లో దొరికేవే కదా. కొంచెం చేసి ఊరి బయట పేలిస్తే తప్పేంటి? పాళ్లు, పద్ధతి చెప్తారా?
– ఒక విద్యార్థి, మారతహళ్లి

జవాబు: పాళ్లు చెప్పను తమ్ముడూ, పద్ధతి కూడా చెప్పను. అదేదో రహస్యమని కాదు. వెయ్యేళ్ల నుంచి తెలిసినదే. అయితే మీరు దాన్ని చేయబోయేది పీజీ గదిలో. కింద వంటగ్యాస్, పక్క గదిలో నిద్రపోతున్న ఇంకో నలుగురు పిల్లలు, ఒక్కటే మెట్ల దారి. నేను రాసిన వాక్యం పట్టుకుని ఎవరో ఒకరు అలాంటి గదిలో కలపడం మొదలుపెడితే ఆ బాధ్యత నాది కూడా.

ముందు ఆ వీడియోల సంగతి. అమెరికా కేంద్ర చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఆటకో, సరదాకో, సాంస్కృతిక కార్యక్రమానికో పాతకాలపు తుపాకుల్లో వాడుకోవడానికి 50 పౌండ్ల వరకు నల్లమందు లైసెన్సు లేకుండా కొనుక్కోవచ్చు. ఆ మినహాయింపు ఉన్నది ఫ్యాక్టరీలో తయారై, డబ్బాలో ముద్ర పడి వచ్చిన మందుకు. అంతర్యుద్ధం వేషాలు కట్టి మైదానంలో ఫిరంగులు పేల్చే బృందాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్లకు అలవాటైన కసరత్తు ఉంటుంది, ఒక్కో ఫిరంగి దగ్గర ఒక్కో మనిషికి ఒక్కో పని ఉంటుంది, పేలిన తర్వాత గొట్టంలో నిప్పురవ్వ మిగలకుండా తడి గుడ్డతో తుడిచాకే మళ్లీ మందు పెడతారు. రెండు నిమిషాల వీడియోలో ఇవేవీ కనపడవు, పొగా చప్పుడే కనపడతాయి.

మన దగ్గర సంగతి వేరు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టంలో తుపాకీ మందు పేరు పెట్టి మరీ ఉంది, బాణసంచా కూడా ఉంది. 2008 నియమాల ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే 3 ఏళ్ల దాకా జైలు. అంతటితో అయిపోదు. 1908 నాటి ఇంకో చట్టం ఉంది, దాని కింద అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థం మీ దగ్గర దొరికితే శిక్ష 10 ఏళ్ల దాకా వెళ్తుంది. సరదాగా చేశామని మీకు తెలుసు, కానీ పీజీలో సోదా చేసే పోలీసులకు అది ఎలా తెలుస్తుంది? ఇంజనీరింగ్ డిగ్రీ, పాస్‌పోర్టు, వీసా, అన్నిటికీ అడ్డం పడే కేసు అది.

ఇక ప్రమాదం. పాతకాలం మందు ఫ్యాక్టరీల గురించి చదవండి, మీకే అర్థమవుతుంది. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో బ్రాండీవైన్ నది ఒడ్డున 1802లో డ్యుపాంట్ కుటుంబం మందు మిల్లులు కట్టింది. ఒక్కో షెడ్డుకు మూడు పక్కలా మందమైన రాతి గోడలు, నది వైపు మాత్రం బలహీనమైన గోడ, తేలికైన కప్పు. పేలితే దెబ్బ నది మీదికి పోవాలని అలా కట్టారు. అంటే పేలుతుందని ముందే ఒప్పుకునే కట్టారన్నమాట. ఇనుము తగిలితే రవ్వ పుడుతుందని మేకులున్న బూట్లు వేసుకోనిచ్చేవారు కాదు. అన్ని జాగ్రత్తలు పడినా 1818లో అక్కడ జరిగిన పేలుడులో 30 మందికి పైగా చనిపోయారు. ఆ కంపెనీ పెట్టిన మనిషి సామాన్యుడు కాదు, ఆధునిక రసాయన శాస్త్రానికి ఆద్యుడైన లావోయిజర్ దగ్గర మందు తయారీ నేర్చుకున్నవాడు. అలాంటివాడికే పూర్తిగా అదుపు కాని దాన్ని, గదిలో కూర్చుని కొంచెమే కదా అనుకోవడం తప్పు. చేతి వేళ్లు పోవడానికీ కన్ను పోవడానికీ ఆ కొంచెం చాలు.

మీ ఆసక్తి మాత్రం తప్పు కాదు. కింద ఇంకో జవాబులో దానికి దారులు రాశాను, చివరిదాకా చదవండి.

ప్రశ్న: నేను రిటైరైన సైన్సు మాస్టర్ని, జయనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలు అడిగింది: బొగ్గు కుంపటిలో మెల్లగా కాలుతుంది, గంధకం నీలిమంటతో కాలుతుంది, మరి సురేకారంతో కలిస్తే ఎందుకు పేలుతుందని. ఎనిమిదో తరగతి పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పను?
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: మాస్టారూ, మీ మనవరాలు సగం జవాబు తనే చెప్పేసింది. కుంపటిలో బొగ్గు మెల్లగా కాలేది గాలి అందినంతవరకే కదా, విసనకర్రతో విసిరితే భగ్గుమంటుంది, మూత పెడితే ఆరిపోతుంది. మంట వేగాన్ని నిర్ణయించేది ఆక్సిజన్ ఎంత త్వరగా అందుతుందన్నదే. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, తన అణువులోనే ఆక్సిజన్‌ని మోసుకు తిరుగుతుంది. వేడి తగలగానే దాన్ని పక్కనే ఉన్న బొగ్గుకి ఇచ్చేస్తుంది. బయటి గాలితో పని లేదు. అందుకే ఈ మందు అంటుకుంటే గోనెసంచి కప్పినా, ఇసుక పోసినా ఊపిరాడక ఆరిపోదు. గంధకం చేసే పని ఇంకోటి. అది తక్కువ వేడికే అంటుకుని మిగతా రెండింటినీ త్వరగా రగిలిస్తుంది.

మందు ఆరుబయట పోసి అంటిస్తే భుస్సుమని కాలుతుంది, పెద్ద చప్పుడు రాదు. దాన్నే గట్టి గొట్టంలో బిగిస్తే, పుట్టిన వాయువుకు పోవడానికి చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది, చివరికి గొట్టమో గుండో ఏదో ఒకటి కదలాలి. గుండు కదిలితే అది ఫిరంగి, గొట్టం పగిలితే అది బాంబు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా లోహం బలం, మందు పరిమాణం మాత్రమే, అందుకే ఇంట్లో చేసిన ఫిరంగులంటే నాకు అంత భయం.

పొగ గురించి కూడా చెప్పండి, పిల్లలకు నచ్చుతుంది. నల్లమందు కాలితే పుట్టేదంతా వాయువు కాదు, బరువులో సగానికి పైగా పొటాషియం లవణాల్లాంటి ఘనపదార్థమే. అది సన్నని పొడిగా గాలిలో తేలడమే ఆ దట్టమైన తెల్ల పొగ. పాత యుద్ధాల్లో నాలుగు సార్లు ఫిరంగులు పేలితే ఎదుటివాడు కనపడేవాడు కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పొగ రాని మందు వచ్చాక సైన్యాలు నల్లమందుని పక్కనపెట్టేశాయి, బాణసంచాలోనూ ఒత్తుల్లోనూ మాత్రం అది ఇప్పటికీ బతికి ఉంది.

ఎవరు కనిపెట్టారంటే, తొమ్మిదో శతాబ్దపు చైనాలో, తాంగ్ రాజుల కాలంలో, చావు లేకుండా చేసే మందు కోసం వెతికిన రసవాదులు. 1044 నాటి చైనా సైనిక గ్రంథంలో దాని పాళ్లు రాసి ఉన్నాయి. మన వైపు చూస్తే, 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి మహానవమి ఉత్సవంలో బాణసంచా చూసి ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. ఆ తర్వాత కళింగాన్నీ మన కోస్తానూ ఏలిన ప్రతాపరుద్ర గజపతి పేరు మీద ఉన్న సంస్కృత గ్రంథం కౌతుకచింతామణిలో రకరకాల బాణసంచా తయారీ వివరాలున్నాయి. అంటే దీపావళి మతాబుల వెనక మనకూ కనీసం అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఇంకోటి, ప్రపంచానికి సురేకారం ఎక్కువగా పంపింది మన దేశమే. బీహార్‌లో పాత ఊళ్ల మట్టిని కడిగి, ఆ నీళ్లు మరిగించి తీసేవారు, పాట్నా నుంచి డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలకెత్తేవారు. ఇంగ్లండు యుద్ధాల్లో పేలిన మందులో మన మట్టి ఉందని మీ మనవరాలికి చెప్పండి, చరిత్ర పాఠం కూడా అయిపోతుంది.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. వాడి బ్యాగులో విప్పేసిన టపాకాయల కాగితాలు, ఒక ప్లాస్టిక్ డబ్బాలో బూడిద రంగు పొడి కనిపించాయి. అడిగితే ఫ్రెండ్స్‌తో కలిసి పెద్ద బాంబు చేద్దామనుకున్నాం అన్నాడు. వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటారు, చెప్తే కొడతారేమోనని టెన్షన్‌గా ఉంది. డబ్బా ఇప్పుడు బాల్కనీలో పెట్టాను. ఏం చేయాలి?
– ఒక తల్లి, రామమూర్తి నగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాం, ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఇంకొకరికి పనికొస్తుందని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆ డబ్బాని ఇక కదపొద్దు, మూత తిప్పొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, బాత్రూంలో పోయొద్దు. ప్లాస్టిక్ డబ్బా మరలమూత మధ్య చిక్కిన పొడి రాపిడికే అంటుకోవచ్చు. ఇప్పటి లక్ష్మీబాంబుల్లో ఉండేది పాతకాలం నల్లమందు కాదు, అల్యూమినియం పొడి కలిసిన మిశ్రమం. అది నల్లమందు కంటే చాలా త్వరగా, చాలా గట్టిగా పేలుతుంది. పిల్లలు రెండు మూడు రకాల టపాకాయలు విప్పి ఒకే డబ్బాలో పోస్తే లోపల ఏది ఏదితో కలిసిందో ఎవరికీ తెలియదు. క్లోరేటూ (సురేకారంలాగే ఆక్సిజన్ ఇచ్చే ఇంకో లవణం) గంధకం కలవడం ఎంత ప్రమాదమంటే, ఆ మిశ్రమాన్ని బాణసంచాలో వాడకూడదని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. 1788లో ఫ్రాన్సులో క్లోరేటుతో కొత్తరకం మందు చేసి చూస్తుండగా పేలి ఇద్దరు చనిపోయారు, లావోయిజర్ తృటిలో తప్పించుకున్నాడు. డబ్బా ఉన్న చోటికి ఎవరినీ పోనివ్వకుండా తలుపు వేసి, 112కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భయపడి దాచడం కంటే మీరే ముందు చెప్పడం అన్ని విధాలా మంచిది.

బాబుని కొట్టొద్దు, వాళ్ల నాన్నగారికి కూడా అదే చెప్పండి. అడగ్గానే నిజం చెప్పాడు కదా. దెబ్బలు తింటే రెండోసారి ఇంట్లో కాకుండా టెర్రస్ మీదో ఖాళీ సైట్లోనో చేస్తాడు, అప్పుడు మీకు తెలియను కూడా తెలియదు. వాడికి చప్పుడు కావాలా, రాకెట్ ఎగరడం కావాలా, రసాయనాలంటే ఇష్టమా, కనుక్కోండి. దీపావళి మర్నాడు ఒకసారి చామరాజపేట దగ్గర మింటో కంటి ఆసుపత్రి వైపు వెళ్తే, కట్టు కట్టించుకున్న పిల్లలు కనపడతారు, వాళ్లలో చాలామంది తాము కాల్చినవాళ్లు కాదు, పక్కన నిలబడి చూసినవాళ్లు. వాడిని బెదిరించడానికి కాదు, మీరు ఎందుకు భయపడ్డారో అర్థం కావడానికి.

తర్వాత ఒక ఆదివారం కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లండి. ఇంట్లో చేయడానికి నీళ్ల రాకెట్ ఉంది. కూల్‌డ్రింక్ సీసా, కొన్ని నీళ్లు, సైకిల్ పంపు, మైదానం, అంతే. నిప్పు లేకుండానే బాగా పైకి పోతుంది, నీళ్లు ఎంత పోస్తే ఎంత ఎత్తు పోయిందో వాడే లెక్క రాసుకుంటే అది అసలైన రాకెట్ శాస్త్రం. పగిలిన సీసా మాత్రం వాడొద్దు, సీసా మీదికి మొహం వంచి పంపు కొట్టొద్దు.

ప్రశ్న: రోజూ సిటీ మార్కెట్ మీదుగా ఆఫీసుకి వెళ్తాను. టిప్పు సుల్తాన్ రాకెట్లు బెంగళూరులోనే తయారయ్యేవని ఆఫీసులో ఒకరంటే ఇంకొకరు కాదన్నారు, పందెం దాకా వెళ్లింది. ఏది నిజం?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బనశంకరి

జవాబు: బెంగళూరు అన్నవారే గెలిచారు, కాకపోతే ఒక్క బెంగళూరే కాదు. మీరు దాటి వెళ్లే మార్కెట్ పక్కనే పాత పేటలో తారామండలపేట అనే చోటు ఉంది. అక్కడ రాకెట్ల తయారీ జరిగేదని బెంగళూరు శాస్త్రవేత్త రొద్దం నరసింహ 1985లో మైసూరు రాకెట్ల మీద రాసిన పరిశోధనలో చెప్పారు. ఇప్పుడు అక్కడ ఇరుకు సందులు, దుకాణాలు, ఆటోల హారన్లు. కాస్త నడిస్తే కోట ఢిల్లీ గేటు. 1791 మార్చిలో కార్న్‌వాలిస్ సైన్యం పట్టుకున్న కోట అదే.

అప్పటికే యూరపులో కూడా రాకెట్లు తెలుసు, కానీ కాగితం గొట్టాలవి. మైసూరు వాళ్లు ఇనుప గొట్టం వాడారు. పైన చెప్పినట్టు, గొట్టం గట్టిదైతే లోపల ఒత్తిడి ఎక్కువ తట్టుకుంటుంది, అంత దూరం పోతుంది. జానెడు ఇనుప గొట్టానికి పొడవాటి వెదురు కర్ర, ఒక్కోసారి కత్తి కూడా కట్టేవారు. రెండు కిలోమీటర్ల దాకా పోయేవంటారు. హైదర్ అలీ కాలంలో, 1780 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర పొల్లిలూరులో ఇంగ్లీషు వాళ్లు చిత్తుగా ఓడిపోయారు. ఆ యుద్ధంలో వాళ్ల మందుగుండు బళ్లు పేలిపోవడం పెద్ద దెబ్బ, అది రాకెట్ల వల్లేనని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ యుద్ధం బొమ్మ శ్రీరంగపట్నం దరియా దౌలత్ గోడ మీద ఇప్పటికీ ఉంది, చూడకపోతే తప్పక చూడండి. అక్కడ నిలబడి పేలిన బండి ఎక్కడుందో వెతుక్కోవడం నాకు చాలా ఇష్టం.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మిగిలిన రాకెట్లు కొన్ని ఇంగ్లండు తీసుకుపోయారు. అక్కడ వూలిచ్‌లో విలియం కాంగ్రీవ్ వాటి మీద పనిచేసి తన రాకెట్లు తయారుచేశాడు, 1807లో కోపెన్‌హాగెన్ మీద అవే పడ్డాయి. మన దగ్గర ఒకటీ అరా మిగిలాయనుకుంటుండగా 2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర పూడిపోయిన బావిలో వెయ్యికి పైగా దొరికాయి. తుప్పు పట్టిన గొట్టాలు, లోపల మందు జాడ ఇంకా ఉంది. శివమొగ్గ ప్రభుత్వ మ్యూజియం వాళ్ల దగ్గర ఉన్నాయవి.

పందెం డబ్బులతో ఇద్దరూ కలిసి శ్రీరంగపట్నం వెళ్లిరండి.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, ఇప్పుడు మల్లేశ్వరంలో ఉంటున్నాం. ఊళ్లో మా తాతల కాలం నాటి చిన్న ఇనుప ఫిరంగి ఉంది, మూడడుగులు ఉంటుంది. జాతరకు ఔట్లు ఎలాగూ పేలుస్తారు, ఈసారి తాతగారి జ్ఞాపకంగా ఫిరంగి కూడా పేల్చాలని మా చిన్నాన్న పట్టుబడుతున్నారు. మందు చేసిపెట్టే మనిషి ఊళ్లో ఉన్నాడట. గుండు పెట్టం, ఉత్త చప్పుడే. పర్వాలేదా?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: వద్దండీ. మీ చిన్నాన్నగారికి ఈ పేజీ చదివి వినిపించండి, ఆయన మనసు నొచ్చుకోకుండా చెప్తాను.

పోత ఇనుములో లోపం పైకి కనపడదు. పోతపోసినప్పటి బుడగలు, వందేళ్ల తుప్పు, ఎప్పుడో పడిన సన్నటి చీలిక లోపలే ఉంటాయి. పేలేటప్పుడు ఇనుము సాగదు, ముక్కలై పోతుంది. గుండు లేకపోయినా గుడ్డో మట్టో కూరితే ఒత్తిడికి అది చాలు. 1460లో స్కాట్లండు రాజు రెండో జేమ్స్ తన సొంత ఫిరంగి పక్కన నిలబడి, అది పగిలి చనిపోయాడు. ఆయన దగ్గర ఆ దేశంలోకెల్లా మంచి పనివాళ్లున్నారు. పైగా ఊరి మనిషి చేసే మందు ఏ పూటకి ఆ పూట ఒక్కోలా ఉంటుంది. పోయినేడు సరిపోయిన కొలత ఈ ఏడు ఎక్కువైపోవచ్చు. జాతరలో ఫిరంగి చుట్టూ చేరేది ముందుగా పిల్లలే.

చట్టం వైపు చూసినా అంతే. ఆయుధాల చట్టం 1959లో, పాతబడి, బాగుచేసినా కాల్చడానికి పనికిరాని ఆయుధానికి మినహాయింపు ఉంది. మీ తాతగారి ఫిరంగి పెరట్లో బొమ్మలా ఉన్నంతవరకు ఆ నీడలో ఉందనుకోవచ్చు. మీరు పేల్చారా, అది పనికొచ్చే ఆయుధమని మీరే రుజువు చేసినట్టు. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 చట్టం కింద పురావస్తువు కూడా అవుతుంది, దేశం దాటించడానికి లేదు. పాత ఇనుము కొనేవాడికి అమ్మొద్దు, జిల్లా పురావస్తు శాఖ వాళ్లకు ఒకసారి చూపించి ఏ కాలానిదో రాయించుకోండి.

ఫిరంగి మోత వినాలన్న కోరిక మాత్రం తీర్చుకోవచ్చు, పక్కనే మైసూరు ఉంది. విజయదశమినాడు జంబూ సవారీకి ముందు, అమ్మవారికి పూలు చల్లే సమయానికి, జాతీయగీతంతో పాటు 21 సార్లు ఫిరంగులు పేలుస్తారు. పాతకాలం ఫిరంగులే, మందు కూరి, కర్రతో దట్టించే పద్ధతే. చేసేది నగర సాయుధ పోలీసు దళం, దానికోసం వారాల తరబడి తాలీము ఉంటుంది. ఆ మోతకి బెదరకుండా ఏనుగుల్నీ గుర్రాల్నీ దగ్గర నిలబెట్టి అలవాటు చేస్తారు. నన్నడిగితే పండగరోజు జనంలో నలిగేకంటే తాలీము రోజు వెళ్లడం మేలు, ఎవరు ఏ పని చేస్తున్నారో తీరిగ్గా కనపడుతుంది. చిన్నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం చాలామందిమి. దీపావళికి అందరికీ కలిపి హోసూరు దారిలో టోకుగా టపాసులు కొని, క్లబ్ హౌస్ గదిలో పెట్టి పంచుదామనుకుంటున్నాం. చవగ్గా వస్తాయి. జాగ్రత్తలేమన్నా ఉన్నాయా?
– అసోసియేషన్ సభ్యురాలు

జవాబు: అసలు గదిలో నిల్వ చేసే ఆలోచన మానుకోండి. ఆ హోసూరు దారిలోనే, అత్తిబెలెలో, 2023 అక్టోబరు 7న టపాసుల గోడౌన్ అంటుకుంది. సరుకు దించుతుండగా మొదలైన మంటలో ఆ రాత్రికే పది మందికి పైగా చనిపోయారు. తమిళనాడు నుంచి పండగ సీజనులో నాలుగు రూపాయల కోసం పనికొచ్చిన కుర్రాళ్లే ఎక్కువ. ఎవరి టపాసులు వాళ్లు, ఆ పూటకి కావలసినన్ని, లైసెన్సున్న మైదానం స్టాళ్లలో కొనుక్కోండి. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం హరిత టపాసులే కాల్చాలి, రాత్రి 8 నుంచి 10 లోపలే. పెట్టె మీద నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ముద్ర, స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉంటాయి. అవి మామూలు వాటికంటే 30 శాతం దాకా తక్కువ దుమ్ము వదులుతాయి, అంతే, పొగే రాదనుకోవద్దు. సరం టపాసులు ఆ తీర్పులోనే వద్దన్నారు. పేలని చిచ్చుబుడ్డి మీదికి వంగి చూడొద్దు, దూరం నుంచి బకెట్ నీళ్లు పోసి వదిలేయండి.

ప్రశ్న: మాది అనకాపల్లి దగ్గర పల్లె. మా మేనమామ బాణసంచా పనిచేసేవాడు, చిన్నప్పుడు ఆయన దగ్గర కూర్చుని చూసేవాణ్ణి. ఇప్పుడు పీణ్యలో ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను, బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఈ పని అంటే నాకు ప్రాణం. ఇంట్లో దొంగచాటుగా కాకుండా దీన్ని సరిగ్గా నేర్చుకునే దారి, బతుకుదెరువుగా చేసుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: ఉంది. ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన మాట మీ ఉత్తరంలోని ఆ దొంగచాటుగా కాకుండా అన్నదే.

మీ వైపు సంగతి మీకు తెలుసు, 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రంలో పేలుడు జరిగి 8 మంది చనిపోయారు. రోజుకూలీకి వచ్చిన ఆడవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఈ పనిలోకి చదువుకున్నవాళ్లు రావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే. ఎండలో ఏది ఎంతసేపు ఉంచాలో, ఏ షెడ్డులో ఎంతమంది ఉండాలో, ఏది ఏదితో కలవకూడదో తెలిసిన మనిషి ఒక్కడున్నా చాలా ప్రాణాలు నిలుస్తాయి.

చిన్న తయారీకి, అంటే ఒక సమయంలో 15 కిలోలకు మించకుండా బాణసంచా లేదా తుపాకీ మందు చేయడానికి, లైసెన్సు జిల్లా యంత్రాంగం ఇస్తుంది. అంతకు మించితే కేంద్రం ఆధ్వర్యంలోని పెసో, నాగపూర్ కేంద్రంగా పేలుడు పదార్థాల భద్రత చూసే సంస్థ, దగ్గరికి పోవాలి. రెండు చోట్లా స్థలం పటం, ఇళ్లకూ రోడ్డుకూ ఎంత దూరం, షెడ్డుకీ షెడ్డుకీ ఎంత దూరం, అన్నీ చూస్తారు. కాబట్టి బెంగళూరు లోపల ఏ ఇంట్లోనూ ఇది కుదిరే పని కాదు, ఊరికి దూరంగా సొంత భూమి ఉండాలి.

దానికంటే ముందు రెండేళ్లయినా శివకాశిలో ఏదైనా మంచి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేయండి. మన దేశం బాణసంచాలో ఎక్కువ భాగం అక్కడే తయారవుతుంది, 1920ల మొదట్లో షణ్ముగ నాడార్, అయ్య నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకు రావడంతో మొదలైన ఊరు. పెసో వాళ్ల బాణసంచా పరిశోధన కేంద్రం కూడా అక్కడే ఉంది. మీ బీఎస్సీకి కెమిస్ట్‌గా, నాణ్యత చూసే ఉద్యోగిగా చోటు దొరుకుతుంది, ఫోర్‌మన్ పనికి ఏ అర్హతలు కావాలో అక్కడే తెలుస్తుంది. ఇంకా చదవగలిగితే పుణేలో డీఆర్‌డీఓ వాళ్ల హెచ్ఈఎంఆర్ఎల్ అనే పేలుడు పదార్థాల పరిశోధనశాల, తిరువనంతపురంలో ఇస్రో వాళ్ల విక్రమ్ సారాభాయ్ కేంద్రం, రెండూ ఇదే శాస్త్రం మీద నడుస్తాయి. మారతహళ్లి కుర్రాళ్లకు కూడా ఇదే చెప్తున్నా: ఇన్‌-స్పేస్ అనే కేంద్ర అంతరిక్ష సంస్థ విద్యార్థులకు మోడల్ రాకెట్ పోటీలు పెడుతోంది, కాలేజీ తరఫున జట్టుగా వెళ్లొచ్చు, మోటారు సంగతి వాళ్ల పర్యవేక్షణలోనే జరుగుతుంది.

శివకాశి వెళ్లేముందు తమిళం చదవడం కాస్త నేర్చుకోండి. షెడ్డు గోడల మీద హెచ్చరికలన్నీ ఆ భాషలోనే ఉంటాయి. మీ మేనమామగారు ఇంకా పనిచేస్తుంటే, ఆయనకు లైసెన్సు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే ఆ కాగితాల పని మీరే మొదలుపెట్టండి. కావలసిన దరఖాస్తు నమూనాలు పెసో దగ్గర దొరుకుతాయి, కలెక్టరు ఆఫీసులో ఎవరిని కలవాలో మాకు రాస్తే కనుక్కుని చెప్తాం.